నది రెండుగా చీలిందని ఆట ఆగింది: డీఎం రాసిన ప్రపంచంలో చివరి మాట ఎవరిది?

మూడోచంద్రుడు:

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా. కోపంలో రాస్తున్నాను కాబట్టి ఇంకాస్త పెద్దదైంది.

టేబుల్ చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట కోసం పదకొండు నెలలు కూర్చుని ఒక ప్రపంచం రాశాను. 96 పేజీల నోటుబుక్కు, చేత్తో గీసిన నాలుగు మ్యాపులు, 360 రోజుల క్యాలెండరు. ఆకాశంలో ముగ్గురు చంద్రులు. మొదటివాడు 11 రోజులకోసారి నిండుతాడు, రెండోవాడు 28 రోజులకి, మూడోవాడు 40 రోజులకి. ముగ్గురూ ఒకే రాత్రి నిండితే ఏటేటా జరిగే దీపాల జాతర కోసమే రెండు పేజీలు రాశాను. ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్. నలుగురు ప్లేయర్లు తలా ఒక పాత్ర ఆడతారు, నేను డీఎం, అంటే మిగతా లోకాన్ని, కథని నడిపేవాడిని. ఇప్పటికి ఆరు సెషన్లయ్యాయి. అందులో మూడు గొడవలకే సరిపోయాయి.

మొదటిది నది గొడవ. నా మ్యాపులో చలువేరు అనే నది దేశం నడిమధ్య ఒక సరస్సులోంచి రెండు పాయలుగా బయటికొస్తుంది. ఒకటి తూర్పు సముద్రానికి, ఒకటి పడమటి సముద్రానికి. ఆ రెండు పాయల మీద రెండు రాజ్యాల తగువే అసలు కథ. మా టేబుల్లో ఒక సివిల్ ఇంజనీరు ఉన్నాడు. మ్యాపు విప్పగానే "నీళ్ళు ఇలా పారవురా" అన్నాడు. మాయాప్రపంచం కదా అన్నాను. "మాయ అయితే మాయ అని రాయి. రాయలేదంటే నీరు పల్లమెరుగు, అంతే" అన్నాడు. నలభై నిమిషాలు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకున్నారు.

రెండోది కరువు. కాకికోట అనే కోట ఏడు నెలలుగా ముట్టడిలో ఉంది. లోపల మూడు వేలమంది, చెప్పుల తోలు ఉడకబెట్టుకుని తినే పరిస్థితి. ఆ సీన్ చదివి వినిపిస్తున్నాను, గొంతు కూడా కాస్త వణికించాను. ఇంతలో డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) ఆడేవాడు చెయ్యెత్తి "గుడ్‌బెర్రీ ఉందిగా" అన్నాడు. అదొక స్పెల్, అంటే మంత్రం. ఒకసారి వేస్తే పది పళ్ళు, ఒక పండు తింటే ఆ రోజు గడిచిపోతుంది. మొదటి లెవెల్ డ్రూయిడ్‌కే రోజుకి రెండు స్లాట్లు, అంటే రెండుసార్లు స్పెల్ వేయొచ్చు, ఇరవైమందికి తిండి. "ఇక నీ కరువు ఎక్కడిది?" అన్నాడు. సీన్ అక్కడే చచ్చిపోయింది.

మూడోది చిన్నది, కానీ అసలు బాధ దీనిదే. పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల గుంపు, ఒక రేవు పట్నానికి వచ్చింది. ఒక ప్లేయర్ హుషారుగా "ఇక్కడ మా పిన్నికి పడవలు కట్టే షెడ్డు ఉంది, అక్కడ దిగుదాం" అంది. నేను వెంటనే 41వ పేజీ తీసి చూపించాను. యుద్ధం తర్వాత ఆ రేవులో పడవలు కట్టడం నిషేధం. షెడ్డు ఉండే వీలే లేదు. "సరేలే" అంది. ఆ రోజంతా మళ్ళీ నోరు విప్పలేదు. తర్వాతి సెషన్‌కి పని ఉందని రాలేదు.

నాకు ఒక్కటే తెలియాలి. ప్రపంచం రాసింది నేను. మరి అందులో ఏది నిజమో తేల్చేది నేను కాదా?

గళ్ళకాగితం:

తమ్ముడూ, నది సంగతి ముందు తేల్చేద్దాం. తప్పు నీదే. నదులు దిగువకి పోతూ కలుస్తాయి, చీలవు. సరస్సుకి మామూలుగా ఒక్కటే దారి ఉంటుంది, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు. రెండు దారులున్నా ఎక్కువ నీళ్ళు పోయే దారి కోసుకుపోయి లోతవుతుంది, రెండోది ఎండిపోతుంది. సముద్రం దగ్గర డెల్టాలో పాయలు చీలడం వేరే కథ, అక్కడ నేల చదును.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. వెనెజువెలాలో ఒరినోకో నది నీళ్ళలో కొంత భాగం కాసిక్యారే అనే పాయగా విడిపోయి, రియో నీగ్రోలో కలిసి, చివరికి అమెజాన్‌కి చేరుతుంది. భూగోళం పుస్తకాల్లో దాన్ని వింతగా చెప్పుకుంటారు. నీ ప్రపంచంలోనూ వింతగానే చెప్పు. దాని మీద రెండు రాజ్యాలు కొట్టుకుంటున్నాయంటే "ఈ నది ఇలా ఎందుకు పారుతోంది" అని ఆ రాజ్యాల్లో ఒక్కడైనా అడిగి ఉండాలి కదా. 96 పేజీల్లో ఎవడూ అడగలేదు, మీ ఇంజనీరు అడిగాడు. అతని మీద కోపం దేనికి?

కరువు విషయంలో మాత్రం నేను నీ పక్షం, కానీ నువ్వు చెప్పాల్సిన జవాబు వేరు. రూల్స్ పుస్తకం డ్రూయిడ్ ఏం చేయగలడో చెప్తుంది, దేశంలో డ్రూయిడ్లు ఎంతమందో చెప్పదు. ఆ అంకె నీ చేతిలో ఉంది. కోటలో మూడు వేలమంది, డ్రూయిడ్ ఒక్కడే అనుకో. రోజుకి ఇరవై పళ్ళు. ఆ ఇరవై ఎవరికి? గోడ మీద కాపలా ఉన్నవాళ్ళకా, పిల్లలకా, కోట దొర ఇంటికా? ఎవరు తినాలో రాసే జాబితా ఎవరి చేతిలో ఉంది? మీవాడు నీ సీన్ చంపలేదు, ఇంతకంటే మంచి సీన్ చేతికిచ్చాడు. నువ్వు తీసుకోలేదు.

ఇదొక్కటే కాదు. ప్లాంట్ గ్రోత్ స్పెల్‌ని ఎనిమిది గంటలు కూర్చుని వేస్తే అర మైలు చుట్టూ ఏడాదిపాటు పంట రెట్టింపు. దాని గురించి కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టుకో, ఆ ప్లేయర్ ఐదో లెవెల్‌కి రాగానే అడుగుతాడు.

ఖాళీపటం:

బాస్, తప్పుగా అనుకోకండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ప్లేయర్లు ఇంకా క్యారెక్టర్లు తయారు చేసుకోకముందే రేవు పట్నంలో ఏ షెడ్డు ఉండకూడదో 41వ పేజీలో తేలిపోయింది! అది నవల. నవల రాయడం తప్పు కాదు, నలుగురిని పిలిచి వాళ్ళచేత చదివించడం తప్పు.

2012లో వచ్చిన డంజన్ వరల్డ్ అనే ఇలాంటి ఆటలో జీఎంకి (డీఎంకే ఇంకో పేరు) చెప్పే సూత్రాల్లో ఒకటి: మ్యాపులు గీయండి, ఖాళీలు వదలండి. అది సొంతంగా ఆటలు వేసుకునే చిన్న ఇండీవాళ్ళ పిచ్చి అనుకుంటారేమో, పెద్ద కంపెనీల పుస్తకాల్లోనూ ఉంది. మీరాడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసమే రాసిన ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే లోకం 1987లో మొదటి బాక్సుగా వచ్చినప్పుడు సెంబియా అనే దేశాన్ని కావాలనే డీఎంలకి వదిలేశారు. తర్వాత అదీ పుస్తకాలతో నిండిపోయిందనుకోండి, అది వేరే ఏడుపు. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే ఇంకో లోకం చూడండి. సైర్ అనే దేశం మొత్తం ఒక్క రోజులో నాశనమైంది, శతాబ్దం సాగిన యుద్ధం దానితో ఆగింది. ఎందుకు నాశనమైందో అధికారికంగా ఎక్కడా చెప్పలేదు, చెప్పకూడదనే పెట్టుకున్నారు. ఆ సెట్టింగ్‌లో అన్నిటికంటే పెద్ద సంఘటన అదే, దాని కారణం మీ టేబుల్‌కి వదిలేశారు.

మీరు కూడా సగం పేజీలు చింపేయండి. నిజంగానే చెప్తున్నా.

మూడోచంద్రుడు:

చింపను.

@ఖాళీపటం, మీ టేబుల్లో ఆడి చూశాను అనిపిస్తోంది, అంటే అలాంటి టేబుల్లో. జీఎం ప్రతిదానికీ "మీరే చెప్పండి, ఆ తలుపు వెనక ఏముంది?" అంటాడు. నేను చెప్పిందే నేను కనుక్కుంటే ఇక ఆశ్చర్యం ఎక్కడిది? గుప్పిట్లో ఏముందో ముందే తెలిసిన ఆట అది. తలుపు వెనక ఉన్నది నేను రాకముందే అక్కడ ఉండాలి. అలా ఉందన్న నమ్మకం కోసమే నేను 96 పేజీలు రాశాను.

@గళ్ళకాగితం అన్నా, ఇరవై పళ్ళ జాబితా మాట మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

రెండోపాచిక:

నేను ఎక్కువగా ప్లేయర్‌గానే ఆడతాను. డీఎం సీట్లో కూర్చుంది రెండుసార్లే, రెండూ ఘోరంగా పోయాయి. కాబట్టి పిన్ని గురించి మాట్లాడతాను.

అన్నా, తను మిమ్మల్ని అడిగింది షెడ్డు కాదు. ఆరు సెషన్లలో ఆ ప్రపంచంలో తనకి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. రాజులున్నారు, దళాధిపతులున్నారు, ముగ్గురు చంద్రులున్నారు. తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందుకే ఒక పిన్నిని తెచ్చుకుంది. మీరు పేజీ నంబరు చూపించారు.

తమాషా ఏమిటంటే మీ 41వ పేజీకీ తన పిన్నికీ గొడవే లేదు. పడవలు కట్టడం నిషేధమైన రేవులో ఒకావిడకి పడవల షెడ్డు ఉందంటే ఆవిడ ఎవరు? దొంగచాటుగా కడుతోందా? పైకి పెట్టెలు చేస్తున్నట్టు బోర్డు పెట్టుకుందా? లేక షెడ్డుకి తాళం పడి, పాత పనిముట్ల మధ్య కూర్చుని కోడళ్ళని తిడుతూ ఉందా? వీటిలో ఏదైనా మీ నిషేధం ఉంటేనే పండుతుంది. మీరు రాసింది చెరపకుండానే తను చెప్పింది నిజమయ్యేది. "ఉంది, కానీ తలుపులు మూసి ఉన్నాయి" అంటే చాలు, ఆ సాయంత్రం ఆట దానంతటదే నడిచేది.

అలాగని ఖాళీపటం గారి మాట కూడా పూర్తిగా ఒప్పుకోను. నేను డీఎంగా మొదటిసారి అంతా ఖాళీగా వదిలేశాను, అందరం కలిసి కట్టుకుందాం అని. మూడో సెషన్‌కి మా లోకంలో ఆవిరి రైళ్ళు, మాట్లాడే నక్కలు, ఒక అంతరిక్షనౌక ఉన్నాయి. ఎవరినీ కాదనలేదు. అందుకే ఎవరికీ అది తమదనిపించలేదు కూడా. దేన్నీ కాదనని లోకంలో దేనికీ బరువుండదు.

తర్వాత మైక్రోస్కోప్ అనే ఆట ఆడితే నా తప్పు తెలిసింది. 2011లో వచ్చింది, జీఎం ఉండడు, అందరూ కలిసి ఒక చరిత్ర కడతారు. అందులో నాకు నచ్చినవి రెండు. మొదలుపెట్టేటప్పుడే ఒక పట్టిక రాస్తారు, ఏవి ఉండొచ్చు, ఏవి ఉండకూడదు అని. తర్వాత ఎవరి వంతులో వాళ్ళదే నిర్ణయం, పక్కవాళ్ళు సలహా కూడా ఇవ్వకూడదు. వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ మొహమాటానికి ఒప్పుకునే బాధ తప్పుతుంది. మీరు ఆ ఆట ఆడక్కర్లేదు. ఆ పట్టిక ఒక్కటి తెచ్చుకుని మీ నోటుబుక్కు పక్కన పెట్టండి. మీకు ప్రాణమైనవి ఓ ఏడెనిమిది విషయాలు ఉంటాయి. అవి ముందే చెప్పేయండి. మిగతా పేజీలు మీ దగ్గరే ఉండనివ్వండి, ఎవరైనా వేరేది చెప్పేదాకా అవే నిజం.

ముందు తనకి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్.

గళ్ళకాగితం:

రెండోపాచిక చెప్పినదానికి చిన్న తోక. గ్లోరాంతా అనే ఇలాంటి ఇంకో ఆటలోకంలో ఆడేవాళ్ళలో ఒక మాట ఉంది, గ్రెగ్ అయిపోవడం అని. ఆ లోకాన్ని 1966 నుంచి రాస్తూ వచ్చినాయన గ్రెగ్ స్టాఫర్డ్. అభిమానులు ఏళ్ళ తరబడి తమ ఆటలో ఒక ప్రాంతాన్ని పెంచుకునేవారు, ఆయన కొత్త పుస్తకంలో అది ఇంకోలా ఉండేది. కట్టుకున్నదంతా గల్లంతు. దాన్ని గ్రెగ్ అవ్వడం అన్నారు. దానికి విరుగుడుగా ఇంకో మాట కూడా అక్కడే పుట్టింది: మీ గ్లోరాంతా వేరేగా ఉంటుంది. సృష్టించినవాడే అలా ఒప్పుకున్నాక నీదెంత, నాదెంత. పిన్ని విషయంలో నువ్వు మీ ఫ్రెండ్‌ని గ్రెగ్ చేశావు తమ్ముడూ.

మూడోచంద్రుడు:

అప్‌డేట్. ఫోన్ చేశాను. "పిన్ని ఉంది, షెడ్డుకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకూ తెలియదు" అన్నాను. అవతల రెండు సెకన్లు మౌనం. తర్వాత అరగంట ఆపకుండా మాట్లాడింది. పిన్ని పేరు, పిన్ని మొగుడు యుద్ధంలో ఎటువైపు ఉన్నాడు, అన్నీ. నేను రాసుకుంటూ కూర్చున్నాను, 97వ పేజీ నిండింది.

కాకికోటలో ఇరవై పళ్ళ జాబితా పెట్టాను. డ్రూయిడ్ ఆడేవాడు లోపలికి దూరి తన పళ్ళు కూడా కలిపి నలభై చేశాడు. ఇప్పుడు జాబితాలో కొత్త ఇరవై పేర్లు ఎవరివో అని పార్టీలోనే తగువు. ముట్టడి వేసినవాళ్ళు చుట్టుపక్కల చెట్ల మీద బదనికంతా కోసేశారు, ఆ స్పెల్‌కి అది కావాలి కదా అని నేనొక ఎత్తు వేశాను. డ్రూయిడ్ ఫోకస్ అనే మంత్రపు వస్తువు ఉంటే బదనిక అక్కర్లేదని వాడు రూల్ చూపించాడు. సరే, ఓడిపోయాను.

నది మాత్రం తేలలేదు. ఒక పాయ పూర్వం ఎవరో తవ్వించిన కాలువ అని పెట్టమంటున్నాడు ఇంజనీరు. తవ్వించింది ఏ రాజ్యమో తేలితే తగువే తీరిపోతుంది, తీరితే నా కథ ఏమవ్వాలి? వాడేమో కాలువకి గేట్లు కూడా గీసి తెచ్చాడు. ఆలోచిస్తున్నాను.

ఖాళీపటం:

సంతోషం బాస్. చింపమన్నమాట వెనక్కి తీసుకుంటున్నా, సగం.

ఒక చిన్న అనుమానం. 11, 28, 40 రోజుల చంద్రులు ముగ్గురూ ఒకే రాత్రి నిండాలంటే 3080 రోజులు పడుతుంది. మీ 360 రోజుల ఏడాది లెక్కన దాదాపు ఎనిమిదిన్నరేళ్ళు. మరి దీపాల జాతర ఏటేటా ఎలా చేస్తున్నారు?

మూడోచంద్రుడు:

దయచేసి ఈ పోస్టు లింకు మా ఇంజనీరుకి ఎవరూ పంపకండి.