రాతి ఇంటి గోడలకు సిమెంటు పూయించాను, తీసేయాలా?

దేవరకొండ సార్:
మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ కొండల దగ్గర ఒక పాత రైతు ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. మొన్న వేసవిలో రెండు నెలలు ఉండి వచ్చాను. తేనె రంగు సున్నపురాయి గోడలు, మూరకు పైనే మందం. కిటికీ పైన వాననీరు పక్కకు జారేలా చెక్కిన రాతి అంచు. పైకప్పుకూ రాతి పలకలే! చూరు దగ్గర పెద్ద పీటంత ఉన్నవి, పైకి పోయేకొద్దీ చిన్నవై, కొప్పు దగ్గర జానెడు కూడా లేవు. ఎందుకలా అంటే మా అల్లుడు ఫోను తీశాడు తప్ప జవాబు చెప్పలేదు.

అసలు బాధ వేరే. ఊళ్లో మా నాన్న కట్టించిన భవంతి ఇల్లు నల్లరాయి, మట్టి అడుసుతో కట్టింది. మూడేళ్ల కిందట లోపలా బయటా సిమెంటు పూయించాను. ఇప్పుడు నడుము ఎత్తు వరకు చెమ్మ, తెల్లగా ఉప్పు. బీరువా వెనక రంగు అప్పడంలా పొంగింది. ఇంగ్లండులో మేస్త్రి రాళ్ల సందుల్లోని సిమెంటును ఓపిగ్గా గోకి తీసి సున్నం కూరడం చూశాక నాకు నిద్ర పట్టడం లేదు.

పాలమూరు అమ్మాయి:
సార్, గనిలో అన్ని కొలతల పలకలూ వస్తాయి, ఏదీ పారేయరు. బరువైనవి గోడ మీదికి, తేలికవి పైకి. నీళ్లు ఎక్కువగా పారేది చూరు దగ్గరే కనుక అక్కడ అతుకులు తక్కువ ఉండటం మంచిది. అక్కడి స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊరి రాయినైతే తవ్వి, తడి ఆరకుండా చలికాలమంతా ఆరుబయట ఉంచేవారు. మంచుకు అదే పొరలుగా చీలేది. ఇంగ్లిషు కవి, డిజైనరు విలియం మారిస్ 1871లో అద్దెకు తీసుకున్న కెల్మ్‌స్కాట్ మేనర్ కూడా మొదట రైతు ఇల్లే. పాత కట్టడాల రక్షణకు ఆయన 1877లో పెట్టిన సంఘం ఇప్పటికీ పాత గోడలకు సున్నమే వాడమంటుంది.

గానుగ సున్నం:
తీసేయండి సార్. నేల చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నమైతే బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. ముందు ఒక్క గోడకు సిమెంటు పూత విప్పి ఎండాకాలమంతా ఆరనివ్వండి. సున్నం నెల రోజులైనా నీళ్లలో నానాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. పూశాక వారం రోజులు తడి గోనెసంచులు కట్టండి, మన ఎండకు లేకపోతే పగుళ్లే.

రాళ్ల గుట్ట:
ఒక్క మాట. వాళ్లది నీళ్లు పీల్చే సున్నపురాయి, మనది పీల్చని గ్రానైటు. మన గోడలో చెమ్మ నడిచేది మట్టి అడుసులోనే. అందుకే ముందు వాననీరు గోడ మొదట్లో నిలవకుండా చూడండి. పక్కన సిమెంటు రోడ్డు వేసి మీ గడప కన్నా ఎత్తు చేశారా?

దేవరకొండ సార్:
చేశారు. జానెడు ఎత్తు! అది నాకు తట్టనే లేదు. నిన్న బీరువా జరిపి కొంచెం విప్పించాను. సుత్తి తగలగానే చాటంత పెళ్ల ఊడింది. లోపల మట్టి ముద్దగా ఉంది, ఆ పెళ్ల వెనక మా అమ్మ వేసిన నీలిమందు సున్నం అంటుకుని వచ్చింది. మేస్త్రి అప్పుడు దాన్ని గీకనే లేదన్నమాట. రేపు రోడ్డు వైపు కాలువ తవ్విస్తున్నాను, మిగతా గోడ సంక్రాంతి తర్వాత.