కిలోమీటరు లెక్కా, నెల జీతమా, సొంత బండా: దూరప్రయాణపు ట్రక్కు డ్రైవరు ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. పదకొండేళ్లుగా దూరప్రయాణపు భారీ ట్రక్కు నడుపుతున్నాను. అందులో ఏడేళ్లు ఒకే రవాణా కంపెనీలో. నాకు కిలోమీటరుకు ఇంత అని కట్టి ఇస్తారు. చక్రం తిరిగినంతసేపే సంపాదన. గోదాము గేటు ముందు బండి ఆగితే అదీ ఆగుతుంది. వయసు నలభైకి దగ్గర పడుతోంది, నడుము నొప్పి వదలడం లేదు, చిన్నవాడు ఈ ఏడే బడిలో చేరాడు.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఉన్నచోటే ఉండడం. కిలోమీటరు రేటు 8 శాతం పెంచుతామని మేనేజరు అంటున్నారు. రెండు, ఇంధన ట్యాంకర్లు నడిపే సంస్థలో నెల జీతం మీద చేరడం. అక్కడ డ్యూటీ నెలకు సుమారు 210 గంటలు, ఎక్కువ రాత్రులు ఇంట్లోనే ఉండవచ్చు. అయితే జీతం నా ఇప్పటి సగటు సంపాదన కన్నా పదో వంతు తక్కువ, ప్రమాదకర సరుకుల శిక్షణ కూడా పూర్తిచేయాలి. మూడు, ఇప్పటి కంపెనీయే ఒక బండిని వాయిదాల మీద ఇస్తానంటోంది. వాళ్ల లోడ్లే తోలుతూ కిరాయిలోంచి కిస్తీలు కట్టుకుంటే నాలుగేళ్లకు బండి నా సొంతమవుతుందట. అనుభవమున్నవారు ఏ లెక్క ప్రకారం నిర్ణయించుకున్నారో చెప్పగలరా?

జవాబు (ఇరవై రెండేళ్లు స్టీరింగు పట్టి, ఇప్పుడు కొత్తవారికి నేర్పుతున్న డ్రైవరు)

సోదరా, మీరు మూడు దారులనూ నెలసరి సంపాదనతో పోలుస్తున్నారు. ఆ కొలతతో నేను కూడా చాలా ఏళ్లు మోసపోయాను కాబట్టి ముందు దాన్ని మార్చమని కోరుతున్నాను. ఇల్లు విడిచిన గంట నుంచి తిరిగి గడప తొక్కే గంట దాకా ఎన్ని గంటలు గడిచాయో, వాటిలో ఎన్ని నడిపారో, ఎన్ని లోడు కోసమో కాగితాల కోసమో నిలబడ్డారో, ఎన్ని నిజంగా నిద్రపోయారో గత పది ట్రిప్పులకు రాసి చూడండి. అప్పుడే మీ శ్రమకు గంటకు ఎంత దక్కుతోందో తెలుస్తుంది.

వేచి ఉండే సమయానికి డబ్బు రాకపోవడం సగం నష్టమే. అమెరికా నియమాల ప్రకారం సరుకు బండి డ్రైవరు పది గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ ఎక్కితే 14 గంటల వ్యవధిలోనే, అదీ 11 గంటలు మించకుండా నడపాలి. గోదాములో ఐదు గంటలు పోయినా ఆ 14 గంటల గడియారం సాధారణంగా ఆగదు కనుక, ఆ రోజుకు నడపడానికి తొమ్మిది గంటలే మిగులుతాయి. అంటే కిలోమీటరు జీతగాడు ఆ నిరీక్షణ వల్ల తర్వాతి సంపాదనను కూడా పోగొట్టుకుంటున్నాడు. అక్కడ వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలనే 1938 నాటి చట్టం రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు డ్రైవర్లలో అధికశాతానికి వర్తించదన్నది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2006 నాటి 561వ నిబంధన రోజుకు మామూలుగా 9 గంటల డ్రైవింగు, నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం అని చెప్పి ఊరుకోకుండా, దూరాన్ని బట్టి ఇచ్చే చెల్లింపు రహదారి భద్రతకు ముప్పు తెచ్చేలా ఉంటే దాన్ని నిషేధించింది. కూలి కట్టే పద్ధతికీ ప్రమాదానికీ ఉన్న సంబంధాన్ని చట్టమే ఒప్పుకుందన్నమాట.

రేటు ఎంత అన్న ప్రశ్నతో పాటు ఆ కిలోమీటర్లను ఎవరు కొలుస్తారన్నది కూడా అడగండి. కొన్ని కంపెనీలు మ్యాపులోని అతి దగ్గరి దారిని లెక్కలోకి తీసుకుంటాయి. భారీ బండ్లను రానివ్వని వంతెనల వల్ల, ఊరి బయటి మళ్లింపుల వల్ల మీ మీటరు అంతకన్నా ఎక్కువే తిరుగుతుంది.

జవాబు (ఐదేళ్లు సొంత బండి నడిపినవాడు)

మూడో దారి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే అందులో నడిచి వచ్చాను. మొదటి ఏడాది చేతిలో డబ్బు ఆడింది. బండి కొత్తది, మరమ్మతులు లేవు, నా నిర్ణయం సరైనదేనని అందరికీ చెప్పుకున్నాను. మూడో ఏట టైర్లన్నీ ఒకేసారి మార్చాల్సి వచ్చింది, ఆ వెంటనే క్లచ్చు పోయింది, ఆ తర్వాత ఇంజను పని పడి బండి 19 రోజులు షెడ్డులో నిలబడింది. బండి కదలకపోయినా కిస్తీ, బీమా, పన్ను ఆగవు. కాబట్టి ఖర్చులను రెండుగా విడదీసి చూడాలి: బండి నిలబడి ఉన్నా రోజుకు ఇంత అని పడేవి ఒక వైపు, కదిలితేనే పడే డీజిలు, టైర్లు, మరమ్మతులు, టోలు రెండో వైపు. మొదటి రకాన్ని నెలలో నిజంగా నడిచే రోజులతో భాగించండి, క్యాలెండరు రోజులతో కాదు.

ఖాళీగా తిరిగే దూరాన్ని కూడా మరచిపోవద్దు. తిరుగు లోడు దొరక్క నూరు కిలోమీటర్లలో ఇరవై ఖాళీగా నడిస్తే, కాగితం మీది కిరాయి రేటులో ఐదో వంతు అక్కడే పోయినట్టు. నాకు డీజిలు ఒక్కటే మొత్తం ఖర్చులో మూడో వంతు దాటేది. డీజిలుకు ఈరోజే చెల్లించాలి, కిరాయి అరవై రోజులకు వస్తుంది. ఆ అరవై రోజులను మోయగల నిల్వ లేనివాడు అప్పు మీద అప్పు చేస్తాడు, నేను అదే చేశాను.

మీ విషయంలో అన్నిటికన్నా భయపెట్టేది, బండి ఇచ్చేదీ, లోడు ఇచ్చేదీ, కిస్తీ కోసుకునేదీ ఒకే కంపెనీ కావడం. లోడ్లు తగ్గించాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. కిస్తీ తప్పితే బండి తిరిగి వాళ్లకే చేరుతుంది, మీరు కట్టినది మీకు రాదు. అమెరికాలో ఇలాంటి లీజు పథకాలను పరిశీలించిన ప్రభుత్వ కార్యబృందం 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో వాటిని నిషేధించాలనే సిఫారసు చేసింది. సొంత బండి కావాలన్న కోరిక తప్పు కాదు; కానీ అప్పు వేరేచోట తీసుకుని, లోడ్లు కనీసం ఇద్దరు ముగ్గురి దగ్గర దొరికేలా చూసుకుని, ఆరు నెలల కిస్తీలు పక్కన పెట్టుకున్నాకే ఆ పని చేయండి.

అడిగినవారి సమాధానం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రిప్పు పుస్తకం తీసి గత మూడు నెలల్లో చేసిన పది ట్రిప్పుల లెక్క కట్టాను. ఇంటికి దూరంగా 1,240 గంటలు గడిపాను. అందులో నడిపినవి 560, లోడింగు, అన్‌లోడింగు, కాగితాల దగ్గర పోయినవి 210, మిగిలిన 470 విశ్రాంతి. మీటరు తిరిగింది 28,600 కిలోమీటర్లు. నాకు డబ్బు వచ్చింది 26,100కే. అంటే డ్యూటీలో ఉన్న 770 గంటల్లో నాలుగో వంతుకు పైగా సమయానికీ, 2,500 కిలోమీటర్లకూ ఒక్క పైసా రాలేదు. నెలకు 257 గంటల డ్యూటీ అవుతోంది. ట్యాంకరు ఉద్యోగంలో 210 గంటలకు జీతం పదో వంతు తక్కువన్నాను కదా, గంటకు కట్టి చూస్తే అక్కడే దాదాపు పదో వంతు ఎక్కువ వస్తోంది. ఈ లెక్క చూసి నేనే నిర్ఘాంతపోయాను. ట్యాంకరు పని ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?

జవాబు (ట్యాంకరు డ్రైవరు)

పెట్టె బండికీ ట్యాంకరుకీ నడిపే తీరులోనే తేడా ఉంటుంది. నిండా నింపని ట్యాంకులో ద్రవం ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊగుతుంది. బ్రేకు వేశాక బండి ఆగిందనుకున్న క్షణంలో వెనకనుంచి ఆ బరువు నెడుతుంది, మలుపులో పక్కకు పొర్లి బోల్తా కొట్టే ప్రమాదమూ ఎక్కువే. లోపలి అడ్డుపలకలు ముందువెనకల ఊపును తగ్గిస్తాయే కాని పక్కల ఊపును పెద్దగా ఆపవు. అందుకే శిక్షణను మొక్కుబడిగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. ఆ యోగ్యతాపత్రం మీ వెంటే ఉండే ఆస్తి. ఐరోపాలో ప్రమాదకర సరుకుల ఒప్పందం కింద ఇచ్చేది ఐదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పరీక్ష రాసి పొడిగించుకోవచ్చు. గొట్టాలు ఎత్తడం, నిచ్చెనలు ఎక్కడం ఉంటాయి కనుక మీ నడుమును ముందే వైద్యుడికి చూపించుకోండి. రాత్రి డ్యూటీలు ఎన్ని అన్నదీ అడగండి. పదిహేడు గంటలు మెలకువగా ఉన్నవాడి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఇంధనం మోసేవాడు దాన్ని ఒక్క రోజు కూడా మరచిపోకూడదు.

జవాబు (మొదట రాసిన డ్రైవరు)

మీ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. డబ్బు రాని ఆ 2,500 కిలోమీటర్లు, వచ్చిన 26,100లో తొమ్మిదిన్నర శాతం. రేటు పెంచకుండా మీటరు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఇస్తే చాలు, మేనేజరు చెప్పిన 8 శాతం కన్నా మీకు ఎక్కువే దక్కుతుంది. ట్యాంకరు సంస్థకు మాట ఇచ్చే ముందు ఒకసారి మీ కంపెనీకి రాతపూర్వకంగా రెండు విషయాలు అడగండి: మీటరు ప్రకారం చెల్లింపు, రెండు గంటలు దాటిన ప్రతి నిరీక్షణ గంటకు వేరుగా కూలి. వాళ్లు ఇచ్చిన జవాబును ట్యాంకరు జీతం పక్కన పెట్టి, అదే 770 గంటల మీద మళ్లీ లెక్క కట్టి ఇక్కడ రాయండి, చూద్దాం.