డిగ్రీలో పర్యావరణ పాఠం లెక్కలతో చెప్పాలా, మాటలతో సరిపెట్టాలా?

లెక్కల మాస్టారు, నల్లగొండ జిల్లా

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమన్నది. ఆ తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం తయారుచేసింది. ఆ పాఠం మన కాలేజీలలో ఎలా సాగుతున్నదో ఇక్కడున్న అధ్యాపకులకు తెలియనిది కాదు. కాలుష్యం రకాలు, కారణాలు, నివారణ మార్గాలు అంటూ నోట్సు చెప్పి, బట్టీ పట్టించి, మార్కులు వేసి పంపుతున్నాం. అందులో సగం గంటలను నిజమైన కొలతలు తీసుకొని లెక్క కట్టడానికి కేటాయించాలని, అదీ బీఎస్సీ వారికే కాక బీఏ, బీకాం వారికి కూడా ఉండాలని నా ప్రతిపాదన. మా స్టాఫ్ రూములోనే దీనికి ఎదురు చెప్పినవారున్నారు కనుక చర్చకు పెడుతున్నాను.

ఒక తరగతి సంగతి చెబుతాను. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ వివరించనక్కరలేదు. గారపట్టిన పళ్లను, వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగిన పిల్లలే నా ఎదుట కూర్చుంటారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదనీ, మరో నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. నేను ఒక ఊరిని ఊహించుకొని, అందులోని అయిదు బోర్ల విలువలుగా 0.6, 0.8, 0.9, 1.1, 4.6 అని బోర్డు మీద రాశాను. సగటు 1.6 వచ్చింది. ఊరి నీళ్లు పనికిరావన్నారు. మధ్యగతం, అంటే వరసలో నడుమనున్న విలువ, తీయమంటే 0.9 వచ్చింది. అయితే మంచివేనన్నారు. అంతలో వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ అయిదో బోరు ఏ వాడలో ఉంది?" అని అడిగింది. సగటు తీస్తే 1.5 లోపలే ఉన్న నాలుగు బోర్లకు చెడ్డపేరు వచ్చింది, మధ్యగతం తీస్తే చెడ్డ బోరు కంటికి కనబడకుండా పోయింది. ఆ పిల్ల ఆ రెండింటినీ దాటి అసలు ప్రశ్న దగ్గరకు వెళ్లింది. లెక్క చేసి ఉండకపోతే ఆ ప్రశ్న ఆమెకు తట్టేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జంతుశాస్త్రం మేడమ్, ప్రకాశం జిల్లా

మాస్టారూ, మీ తరగతిని నేను కాదనను. మా కనిగిరి ప్రాంతానిదీ అదే ఫ్లోరైడ్ బాధ. కానీ మీరు లెక్కల మనిషి కనుక ఆ గంట అలా నడిచింది. ఇదే పాఠాన్ని వంద కాలేజీలలో వంద మంది చెప్పినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. ప్రామాణిక విచలనం సూత్రం రాయుము, ఈ క్రింది దత్తాంశానికి సగటు కనుగొనుము అన్న రెండు ప్రశ్నలు ప్రశ్నపత్రంలోకి వస్తాయి, పిల్లలు నివారణ మార్గాలకు బదులు సూత్రాలను బట్టీ పడతారు. లెక్కలంటే భయపడి బీఏలో చేరినవాళ్లు ఈ ఒక్క పేపరులో తప్పి ఏళ్ల తరబడి బ్యాక్‌లాగ్ మోస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. చెరువు గట్టు మీద గంటసేపు నిలబడి, ఏ పిట్ట వచ్చింది, ఏది రావడం మానేసింది, గుర్రపుడెక్క ఎంత మేర అల్లుకున్నది అని చూడడం కూడా పర్యావరణ అధ్యయనమే. కొలవనిది లేనట్టేనన్న అభిప్రాయం పిల్లలలో నాటుకుంటుందేమోనని నాకు నిజంగా భయంగా ఉంది.

గాలి కొలతల ఉద్యోగి, విశాఖపట్నం

రోజూ ఈ అంకెలతోనే పని చేసేవాణ్ణి కనుక చెబుతున్నాను, గాలి నాణ్యత సూచిక గురించి వార్తలలో వచ్చే పొరపాట్లలో చాలావాటికి మూలం చిన్న లెక్కలోనే ఉంటుంది. మన దేశపు సూచికలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నని ధూళి) రోజు సగటు ఘనపు మీటరుకు 30 మైక్రోగ్రాములైతే ఉప సూచిక (ఆ ఒక్క కాలుష్యానికి కట్టే అంకె) 50, 60 అయితే 100, 90 అయితే 200. అంటే 60 దాటగానే గీత వాలు రెట్టింపవుతుంది. ఇప్పుడు ఒక రోజు 30, మరుసటి రోజు 90 నమోదైందనుకోండి. సూచికల సగటు 125, అది ‘మధ్యస్థం’ వర్గం. ధూళి సగటు 60, దాని సూచిక 100, అది అంతకన్నా మెరుగైన ‘సంతృప్తికరం’ వర్గం. అవే రెండు రోజులు, అదే గాలి, సగటు ముందు తీశామా తర్వాత తీశామా అన్నదాన్ని బట్టి వర్గమే మారిపోయింది.

ఖాళీ గడుల సంగతి ఇంకా ముఖ్యమైనది. కరెంటు పోయో, యంత్రం ఆగిపోయో కొన్ని గంటల కొలతలు ఉండవు. శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థి అలాంటి గడులన్నింటిలో సున్న నింపడం నేను చూశాను. 18 గంటలు 80 చొప్పున ఉండి 6 గంటలు ఖాళీ అయితే సగటు 80. సున్నలు పెడితే 60, అంటే పీఎం 2.5కు సరిగ్గా మన 24 గంటల పరిమితి. ఉల్లంఘన జరిగిన రోజు కాగితం మీద కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. కనీసం 16 గంటల కొలతలు ఉంటేనే ఆ రోజు సూచిక కట్టాలన్న నియమం ఎందుకున్నదో ఇలా ఒకసారి చేసి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బీఏ రెండో సంవత్సరం

మేడమ్, నేను లెక్కలు వదిలేసి బీఏలో చేరినదాన్నే. సగటు తీయడం నాకు కష్టం కాదు. ఏ సగటు, ఎందుకు అని ఎవరూ అడగకుండా సూత్రం ఇచ్చి పొమ్మన్నప్పుడే భయం వేస్తుంది. మా ఊరి బోరు నీళ్ల అంకెలిస్తే నేను తప్పకుండా కూర్చుని చేస్తాను.

గణితం పీజీ విద్యార్థి, హైదరాబాద్

నా అభ్యంతరం వేరే వైపు నుంచి. బీఎస్సీ గణితం వారికి కూడా సగటులతో సరిపెడితే అన్యాయం చేసినట్టే. హవాయిలోని మౌనా లోవాలో శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో మొదలుపెట్టిన కార్బన్ డయాక్సైడ్ కొలతలు ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. గ్రాఫ్ గీస్తే ఏటా మే నెలలో శిఖరం, సెప్టెంబరు, అక్టోబరులలో లోయ; ఉత్తరార్ధగోళపు చెట్టూ చేమా పీల్చి వదిలే లయ అది. దాన్ని అలలా లేచి పడే సైన్ ప్రమేయంతో వేరు చేస్తే వెనకనున్న పెరుగుదల బయటపడుతుంది. 1959లో ఏడాది సగటు పది లక్షల భాగాలకు సుమారు 316. ఆ తర్వాతి పదేళ్లలో పెరుగుదల ఏటా సుమారు 0.8. అదే సరళరేఖ సాగి ఉంటే 2023లో 367 దగ్గర ఉండాలి. నమోదైనది సుమారు 421. రేఖ ఎక్కడ సరిపోలేదో చూశాక వర్గ సమీకరణం ఎందుకు కావాలో విద్యార్థికి అవసరంగా తెలుస్తుంది, సిలబస్‌గా కాదు. మురుగు కలిసిన నదిలో ఆక్సిజన్ తగ్గి మళ్లీ కోలుకోవడాన్ని 1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అవకలన సమీకరణాలతో (మార్పు వేగాన్ని చెప్పే సమీకరణాలతో) రాశారు. మూసీ ఒడ్డున చదువుకునే మాకు ఆ సమీకరణాలను పుస్తకంలోని స్ప్రింగు, లోలకం ఉదాహరణలతోనే ఎందుకు చెప్పాలి?

లెక్కల మాస్టారు, నల్లగొండ జిల్లా

బాబూ, గణితం విద్యార్థుల విషయంలో నీతో పూర్తిగా ఏకీభవిస్తాను, అయితే అది వాళ్ల ప్రధాన సబ్జెక్టు (మేజర్) పేపరులో జరగవలసిన పని.

మేడమ్ గారూ, పరీక్ష గురించి మీరన్నది నన్ను రాత్రంతా ఆలోచింపజేసింది, ఎందుకంటే మీ మాట నిజం. భయం సంగతి మాత్రం ఒప్పుకోలేను. సగటు, మధ్యగతం, వాలు, చివరికి సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) కూడా మా పిల్లలు పదో తరగతిలో చదివే వచ్చారు. పీహెచ్ (నీటి ఆమ్లత్వాన్ని చెప్పే అంకె) ఒకదానిలో 4, మరొకదానిలో 6 ఉన్న రెండు నీళ్లను సమానంగా తీసుకొని హైడ్రోజన్ అయాన్ల సగటు కడితే పీహెచ్ 5 కాదు, సుమారు 4.3 అని చూపించడానికి ఆ సంవర్గమానం చాలు. కొత్త గణితం అక్కర్లేదు, ఉన్నదాన్ని దించి వాడించాలి. చెరువు గట్టును కూడా నేను వదిలిపెట్టమనడం లేదు. మీ పిట్టల లెక్కను వారం వారం ఒకే వేళకు, ఒకే చోట నిలబడి రాయిస్తే అదే మంచి దత్తాంశం.

జంతుశాస్త్రం మేడమ్, ప్రకాశం జిల్లా

ఒకే వేళకు, ఒకే చోట అన్న మాట బాగుంది, అది మేము చేయడం లేదు. సరే మాస్టారూ, ఒక్కటి చెప్పండి. పది మార్కులకు ఆ అయిదు బోర్ల ప్రశ్న ఇస్తే మీరు మార్కులు ఎలా వేస్తారు?

లెక్కల మాస్టారు, నల్లగొండ జిల్లా

పట్టిక, సూత్రాలు ప్రశ్నపత్రంలోనే అచ్చు వేస్తాను. సగటుకు, మధ్యగతానికి కలిపి మూడు మార్కులు. ఊరివారికి ఏ అంకె చెబుతావు, ఎందుకు అన్నదానికి నాలుగు. మిగిలిన మూడు మార్కులు, ఆ 4.6ను నమ్మే ముందు ఇంకా ఏమి కనుక్కుంటావు అన్నదానికి: మళ్లీ నమూనా తీయడం, బోరు లోతు, ఎండాకాలమా వానాకాలమా, ఎన్ని కుటుంబాలు ఆ నీళ్లు తాగుతున్నాయి. ఈ జవాబులు రెండు పేపర్లలో ఒకేలా ఉంటే నేను దిద్దడం ఆపి ప్రశ్నను మార్చుకుంటాను.