పంచమ సూత్రంలోని జీవి ‘పెరిగేదా’, ‘ఎదిగేదా’?

ప్రశ్న: గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన గ్రంథాలయ పంచసూత్రాలలో చివరిదానిని తెలుగులో ‘గ్రంథాలయం పెరిగే జీవి’ అని చదివానో, ‘ఎదిగే జీవి’ అని చదివానో ఎంతకూ తేలడం లేదు. పాత పుస్తకాల తొలగింపుపై వ్యాసం రాస్తూ అక్కడే ఆగిపోయాను.

స్పందన 1: ‘ఎదిగే’ అనే ఉండాలి. అప్పూ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. ఎదగడం ప్రాణికే చెల్లింది. ఎదిగే జీవి కొత్త పదార్థాన్ని గ్రహించి పాతదాన్ని విసర్జిస్తుందని రంగనాథన్ ఆ సూత్రాన్ని వివరిస్తూనే రాశారు కనుక, తొలగింపుకు చోటిచ్చే మాట అదొక్కటే.

స్పందన 2: విసర్జన పుస్తకాలకు సరిపోతుందేమో గాని, ఆ పోలికను మ్యూజియాల దాకా లాగకండి. చినిగిన పుస్తకానికి మరో ప్రతి దొరకవచ్చు, శిల్పానికి దొరకదు. అందుకే అక్కడ యాజమాన్య హక్కునూ దాత పెట్టిన షరతులనూ పరిశీలించి, సేకరణ బాధ్యత చూసే క్యూరేటర్ కారణాలతో ప్రతిపాదించి, పాలకమండలి ఆమోదించిన తరువాతే వస్తువును సేకరణ నుంచి తప్పిస్తారు. అమ్మగా వచ్చిన సొమ్మును సేకరణ మేలుకే వాడాలని అంతర్జాతీయ మ్యూజియం మండలి నియమావళి చెబుతుంది. బ్రిటిష్ మ్యూజియం ధర్మకర్తలకైతే, నకళ్లు వంటి కొన్ని సందర్భాలలో తప్ప, 1963 నాటి చట్టం ఆ వెసులుబాటే ఇవ్వలేదు.

స్పందన 3: దాత షరతులనగానే పోతన గారి బలి గుర్తుకు వస్తాడు, గురువు వారించినా వినక, ఏ షరతూ పెట్టక ధారపోసిన దాత ఆయన. అటువంటి దాతలే ఉంటే మ్యూజియాలకు వకీళ్లతో పనుండదు. ఇక అసలు విషయానికి వస్తే, నా ఓటు ‘వర్ధమాన జీవి’కి. పెరుగుదలా అభ్యుదయమూ రెండూ ‘వృధ్’ ధాతువులోనే ఉన్నాయి.

స్పందన 1: తెలుగు క్రియ దగ్గర చిక్కొస్తే సంస్కృత ధాతువు చాటుకు వెళ్లడం పాత ఎత్తుగడే!

స్పందన 4: గ్రంథాలయంలో పనిచేసే వ్యక్తిగా ‘పెరిగే’ పక్షాన ఒక మాట చెబుతాను. తొలగించిన పుస్తకంలోని గ్రంథాలయ ముద్రపై రద్దు ముద్ర వేస్తాము. చేరిన ప్రతి పుస్తకాన్నీ క్రమసంఖ్యతో నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో ఆ వరుసను చెరపకుండా ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన తేదీ, ఉత్తర్వు సంఖ్య రాస్తాము. ఆ క్రమసంఖ్యను మళ్లీ ఏ పుస్తకానికీ ఇవ్వము. బీరువాలు ఖాళీ అయినా రిజిస్టరు పెరుగుతూనే ఉంటుంది.

స్పందన 1: రిజిస్టరు జీవి కాదండీ. సూత్రం గ్రంథాలయాన్ని గురించి.

స్పందన 3: ఇంతకూ అది ‘గ్రంథాలయం’తో మొదలవుతుందా, ‘గ్రంథాలయమొక’ అనా? ముందు అది తేల్చండి.