సౌండ్‌బార్ పెడితే మాట వెనకపడుతోంది, 5.1 సరౌండ్ సౌండ్ పోకుండా సరిచేయడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. 43 అంగుళాల స్మార్ట్ టీవీకి సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బార్‌కి పంపే) పోర్ట్‌లో కలిపాను. ఓటీటీలో తెలుగు 5.1 ఆడియోతో సినిమా పెడితే మొదట అంతా బాగానే ఉంటుంది. 20 నిమిషాలు దాటాక మాట దాదాపు అర సెకను ఆలస్యం. హీరోయిన్ నోరు మూసేశాక డైలాగ్ వినిపిస్తుంది. స్ట్రెయిట్ తెలుగు సినిమా చూస్తూ "ఇది డబ్బింగ్ బొమ్మా?" అని అమ్మ అడిగింది!

పాజ్ చేసి మళ్లీ ప్లే చేస్తే సరవుతుంది, కాసేపటికి మళ్లీ అదే. రెండు యాప్‌లలోనూ ఇంతే. టీవీ స్పీకర్లలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

యాప్ తీసేసి మళ్లీ వేశాను, టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, కేబుల్ మార్చాను. ఆడియో డిలే ఎలా మార్చినా లాభం లేదు, తేడా మొదటి నుంచీ ఉండదు కదా. నెట్ 100 ఎంబీపీఎస్, కాబట్టి దాని మీద అనుమానం లేదు. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ సౌండ్‌ను పీసీఎం (కుదించని ఆడియో)కి మారిస్తే మాట కుదురుతోంది, కానీ ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు చానళ్ల స్టీరియోనే. 5.1 కోసమే కొన్న బార్ అది!

టీవీలో ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి మెరుగైన రూపం) లేదు. ఏఆర్‌సీలోనే 5.1 ఉంచుకుని ఈ ఆలస్యాన్ని పోగొట్టే సెట్టింగ్ ఎవరికైనా తెలుసా?