చాక్లెట్‌తో చదువు వస్తుందా, చింతబరికెతో వస్తుందా?

కోట జంక్షన్ అమ్మ:
మాది విజయనగరం. మావాడు మూడో తరగతి. వాచకంలో పేజీ చదివితే చాక్లెట్ ఇస్తానని నేనే అలవాటు చేశాను. మూడు నెలలు బాగానే సాగింది. ఇప్పుడు పుస్తకం తెరవకముందే చెయ్యి చాపుతున్నాడు. ముందు చదవమంటే పుస్తకం మూసేసి ఏడుపు. ఆ ఏడుపు పడలేక ఇచ్చేస్తున్నాను. మా అత్తగారేమో "లంచం పెట్టి చదివిస్తే ఇంతే, చింతబరికె పట్టుకుని పక్కన కూర్చో" అంటున్నారు. నాకు చెయ్యెత్తడం ఇష్టం లేదు. ఏం చెయ్యమంటారు?

గజపతినగరం మాస్టారు:
అమ్మా, మీ అత్తగారి మాటలో నిజముంది. నేను 33 ఏళ్లు పల్లెబడుల్లో చెప్పి రిటైరయ్యాను. ఎక్కాలు రానివాడికి రెండు తగిలిస్తే మర్నాడు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. బీఎడ్‌లో మేం చదువుకున్నదీ ఇదే. అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్ చెప్పిన రుణాత్మక పునర్బలనం (నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) అంటే దెబ్బే. బహుమతి ధనాత్మకం, దెబ్బ రుణాత్మకం. రెండూ ఉండాలి.

పలాస జీడి:
మాస్టారు సెప్పింది రైటే. మా ఊర్లో పచ్చి జీడిపిక్క కొరికిన గుంటడు మళ్లీ దాని జోలికెల్లడు. తొక్కలో నూనంటుకుని మూతంతా పొక్కులొచ్చీసాయి. దెబ్బకి నేర్సుకున్నట్టే గదా.

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, సైకాలజీలో ఎంఏ చేసినవాణ్ని కాబట్టి ఈ ఒక్క ముక్క వదల్లేను. దెబ్బ రుణాత్మక పునర్బలనం కాదు, శిక్ష. పునర్బలనం ఏదైనా చేసే పనిని పెంచుతుంది. తలనొప్పికి మాత్ర వేసుకున్నాం, నొప్పి పోయింది, ఇంకోసారి నొప్పొస్తే మాత్ర కోసమే వెతుకుతాం. ఇబ్బంది తొలగింది కాబట్టి ఆ పని పెరిగింది. రుణాత్మకం అదీ. శిక్ష పనిని తగ్గించడానికి.

జీడిపిక్క పోలిక కూడా ఇక్కడ నప్పదు. అది కొరికిన ప్రతిసారీ కాలుస్తుంది, కొరికినందుకే కాలుస్తుంది. బడిలో సోమవారం రాయని హోంవర్కుకి బుధవారం దెబ్బ. ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. పిల్లాడు ఆ నొప్పిని హోంవర్కుతో ముడిపెట్టుకోడు, మాస్టారి చెప్పుల చప్పుడుతో ముడిపెట్టుకుంటాడు. స్కిన్నరే 1938లో ఎలుకలతో చూశాడు. మీట నొక్కితే తిండి వచ్చే అలవాటున్న ఎలుకలకి తిండి ఆపేసి, కొన్నిటికి మాత్రం మీట నొక్కగానే పంజా మీద దెబ్బ తగిలేలా చేశాడు. దెబ్బ తిన్నవి కాసేపు తగ్గాయి, తర్వాత మళ్లీ నొక్కాయి. చివరికి మొత్తం నొక్కుళ్ల లెక్క చూస్తే దెబ్బ తినని వాటితో సమానమే.

ఇంకో మాట. ఈ ఇంట్లో రుణాత్మక పునర్బలనం జరుగుతున్నది తల్లికి. చాక్లెట్ ఇవ్వగానే ఏడుపు ఆగుతోంది, అందుకే ఇవ్వడం పెరిగింది. బడిలోనూ అంతే. బరికె తగలగానే గది నిశ్శబ్దం అయిపోతుంది. ఆ నిశ్శబ్దం మాస్టారికి పునర్బలనం.

సోంపేట డీఎస్సీ:
నాగావళి గారు కరెక్ట్. టెట్ ప్రిపరేషన్‌లో ఈ బిట్టు నేనూ తప్పు పెట్టాను. పైగా విద్యాహక్కు చట్టం, 2009, 17వ సెక్షన్. కొట్టడం నిషేధం.

గజపతినగరం మాస్టారు:
చట్టం నాకూ తెలుసు బాబూ, అది వచ్చాక కూడా పనిచేశాను. నాగావళి గారూ, మీ నిర్వచనమే తీసుకుందాం. దెబ్బ తప్పించుకోవడానికి వాడు ఎక్కాలు చదివాడు. దెబ్బ తప్పింది, చదవడం పెరిగింది. మరి ఇది మీ తలనొప్పి మాత్ర కాదా?

నాగావళి ఒడ్డు:
ఒప్పుకుంటున్నాను. తప్పించుకోవడానికి చదివితే, ఆ చదవడం వరకు రుణాత్మక పునర్బలనమే. కానీ దెబ్బ తప్పించే పని ఏదైనా అలాగే పెరుగుతుంది. పక్కవాడిది చూసి రాయడం, పొద్దున్నే కడుపునొప్పనడం, బడికని బయల్దేరి చెరువుగట్టున కూర్చోవడం. ఎక్కం ఒక్కటే పెరగాలని బరికె చెప్పలేదు కదా.

చీపురుపల్లి చెల్లి:
మీ ఇద్దరూ పేరు దగ్గరే ఆగిపోయారు. నాకిప్పుడు 41. ఐదో తరగతిలో బోర్డు మీది లెక్క తప్పుగా దించుకున్నానని స్కేలు నిలువుగా పట్టుకుని ఎడమచేతి కణుపుల మీద కొట్టేవారు. ఇప్పటికీ బ్యాంకులో స్లిప్పు మీద అంకెలు వేస్తుంటే ఎడమ చెయ్యి దానంతటదే పిడికిలి బిగించుకుని ఒళ్లోకి పోతుంది. నా పక్కన మా అమ్మాయి నిలబడి చూస్తుంటుంది. దీన్ని ఏ పునర్బలనం అంటారు?

నాగావళి ఒడ్డు:
అది పావ్‌లోవ్ చెప్పిన దారి అమ్మా, భయపెట్టినదానితో కలిసి కనబడిన వస్తువుకి కూడా ఆ భయం అంటుకుపోవడం. 1920లో వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు కలిసి 11 నెలల పసివాడికి తెల్లఎలుకని చూపిస్తూ వెనక ఇనుపకడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే ఎలుక కనబడితే చాలు ఏడ్చాడు, తర్వాత కుందేలుని చూసినా ఏడ్చాడు. మీకు స్కేలు నుంచి బోర్డుకి, బోర్డు నుంచి బ్యాంకు స్లిప్పుకి పాకింది.

గజపతినగరం మాస్టారు:
అమ్మా, మీకు జరిగింది తప్పే. కానీ ఒకరు చేసినది అందరి నెత్తినా పెట్టకండి. మొన్న పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వెళ్తే అంత జనంలోనూ ఒకడు తోసుకుంటూ వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టాడు. "మీ దెబ్బలే నన్ను నిలబెట్టాయి మాస్టారూ" అన్నాడు. అది అబద్ధమా?

చీపురుపల్లి చెల్లి:
దణ్ణం పెట్టేవాళ్లే మీ దగ్గరికి వస్తారు మాస్టారూ. బడి మానేసినవాళ్లు రారు.

గజపతినగరం మాస్టారు:
సూటిగా అడుగుతున్నాను, నా 33 ఏళ్లూ పాపమేనా? తల్లిదండ్రులు పనులకి చెన్నై పోతే ముసలమ్మల దగ్గర మిగిలిన పిల్లలు వాళ్లు. మేకల వెనక తిరుగుతుంటే ఇంటింటికీ పోయి చెయ్యి పట్టుకుని తెచ్చాను. కొట్టిన ఈ చేత్తోనే పరీక్ష ఫీజులు కట్టాను. ఎలుకల లెక్కలు చెప్పేవాళ్లు అప్పుడు ఏ ఊరికీ రాలేదు.

పలాస జీడి:
మాస్టారూ, మీరు బాధపడకండి. పెద్దోరు మీరు.

చీపురుపల్లి చెల్లి:
పాపం అని నేను అనలేదు. నన్ను కొట్టినాయన కూడా మంచివారే, మా నాన్న పోయినప్పుడు ఇంటికి బియ్యం పంపారు. ఆరో తరగతిలో బడికి కంటి డాక్టర్లు వచ్చారు. అప్పుడు తెలిసింది, నాకు బోర్డు కనబడదని. కళ్లద్దాలు పెట్టాక ఒక్క లెక్కా తప్పు దించుకోలేదు. ఏడాది పొడుగునా "ఏమ్మా, కనబడుతోందా" అని ఎవరూ అడగలేదు. చేతిలో స్కేలు ఉన్నాక ఎందుకు రావట్లేదని అడగాల్సిన పనేముంది? నా తగువంతా అక్కడే. స్కిన్నర్‌తో కాదు.

కోట జంక్షన్ అమ్మ:
చదువుతుంటే నాకే కళ్లనీళ్లు తిరిగాయి. మావాడి చాక్లెట్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

నాగావళి ఒడ్డు:
క్షమించండి, మీ ప్రశ్న పక్కకి పోయింది. చాక్లెట్ పెట్టడం ఘోరం కాదు. కానీ 1973లో అమెరికాలో లెప్పర్ అనే సైకాలజిస్టు బృందం బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న పిల్లలకి ముందే సర్టిఫికెట్ ఆశ చూపిస్తే, తర్వాత వాళ్లే బొమ్మలు తక్కువ వేశారు. ముందు చెప్పకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అందుకని బేరం మానండి. చదివాక ఎప్పుడో ఒకసారి, వాడు అనుకోనప్పుడు ఇవ్వండి. మొదట్లో ఏడుపు పెరుగుతుంది, అది మామూలే. గంట ఏడ్చాక జాలిపడి ఇచ్చారో, గంట ఏడిస్తే వస్తుందని నేర్పినట్టే. ఆ గంటా పక్కన కూర్చుని మీరే కథ పైకి చదవండి.

కోట జంక్షన్ అమ్మ:
నిన్న రాత్రి నలభై నిమిషాలు ఏడ్చాడు. ఇవ్వలేదు. నేను నక్క కథ చదువుతుంటే దుప్పట్లోంచి "తర్వాత?" అన్నాడు.

గజపతినగరం మాస్టారు:
రెండు రోజులు రాయలేకపోయాను. చీపురుపల్లి అమ్మాయి మాట వదల్లేదు నన్ను. నా క్లాసులో గోడవారన ఒకడు కూర్చునేవాడు. బోర్డుకేసి కళ్లు చికిలించి, మూతి ఒక పక్కకి లాగి చూసేవాడు. వెక్కిరిస్తున్నాడనుకుని చాలాసార్లు కొట్టాను. ఏడులో మానేశాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు, నిన్న ఫోన్ చేసి అడిగాను. బడిలో భయం అసలే అక్కర్లేదంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ వాణ్ని నేను అడగలేదు.