ప్రయాణాల్లో ఇంటి మీద బెంగను ఎలా తట్టుకుంటున్నారు?

ఆఫీసు పని మీద ఆరు వారాలు ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చింది. ఇప్పటికి 11 రోజులైంది. పగలు పనిలో పడి ఏమీ తెలియదు. సాయంత్రం గదికొచ్చి తలుపు వేసుకున్నాక మొదలవుతుంది. గొంతు పట్టేసినట్టుంటుంది, తినబుద్ధి కాదు, నిద్ర పట్టదు.

వీడియో కాల్ చెయ్యమని అందరూ చెబుతారు. రోజూ చేస్తూనే ఉన్నాను. కానీ మా నాలుగేళ్ల పాప నన్ను చూడగానే "నాన్నా, ఇప్పుడే వచ్చెయ్" అని ఏడుపు అందుకుంటుంది. ఫోన్ పెట్టేశాక దాన్ని ఊరుకోబెట్టడానికి మా ఆవిడకు గంట పడుతోందట. పోనీ అని ఒకరోజు మానేస్తే నాకే మనసు ఆగలేదు. ఇక్కడికీ ఇంటికీ నాలుగు గంటల తేడా. నాకు తీరిక దొరికేసరికి దానికి నిద్రవేళ, అసలే పేచీ పెట్టే సమయం.

అందుకే కాల్ పొద్దున్నకి మార్చి, రాత్రికి నా గొంతుతో చిన్న కథలు రికార్డు చేసి పంపుదామనుకుంటున్నాను. పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇలా చేసి చూశారా? గొంతు వింటే బెంగ తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా? ఆ సాయంత్రాలు మీరెలా గడిపారో కూడా దయచేసి చెప్పండి.